ఎవరిని అడగాలి, ఏమని అడగాలి: ఒక బి.ఫార్మసీ పట్టభద్రురాలి కేసు

నేపథ్యం

కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్టణం. తండ్రికి సొంత మెడికల్ షాపు ఉంది. కూతురు దగ్గరలోని కాలేజీలో బి.ఫార్మసీ పూర్తిచేసి, కెరీర్ సలహా కోసం నా దగ్గరికి వచ్చేనాటికి హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఉంటోంది. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. నిర్ణయాలు ఏ వరుసలో జరిగాయో ఆ వరుసను మాత్రం కదపలేదు.

ఇంట్లో మూడు ఆలోచనలు నడుస్తున్నాయి. అమెరికాలో ఎం.ఎస్. చేస్తే అక్కడే ఫార్మసిస్టుగా స్థిరపడవచ్చన్నది తండ్రి నమ్మకం. అందుకోసం విద్యారుణం గురించి బ్యాంకులో మాట్లాడి ఉంచారు. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థ ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలపై నిఘా) కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయం అంటోంది. ముందు ఏదో ఒక మందుల కంపెనీలో చేరిపొమ్మని మేనమామ పోరు పెడుతున్నాడు. అమ్మాయికి ఈ మూడింటిలో దేనిమీదా అయిష్టం లేదు. ఇష్టమూ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐ.డి.పి.ఎల్. వెలసిన కాలం నుంచి హైదరాబాదు మందుల ఊరే. ఇప్పుడు పాశమైలారం, జడ్చర్ల, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ, ఎటు వెళ్ళినా ఫార్మా కంపెనీల బస్సులు కనిపిస్తాయి. ఆ గేట్ల లోపల ఎవరు ఏ పని చేస్తారన్నది మాత్రం బి.ఫార్మసీ నాలుగేళ్ళలో ఎవరూ చెప్పరు. మందు గురించి చెబుతారు, మందు చుట్టూ ఉన్న ఉద్యోగాల గురించి చెప్పరు.

తెచ్చిన ప్రశ్న, అసలు సమస్య

“మేడమ్, ఫార్మకోవిజిలెన్స్‌కి స్కోప్ ఉందా?” అన్నది ఆమె మొదటి ప్రశ్న. ఆ వారాంతంలోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుందని సంస్థవాళ్ళు చెప్పారట.

నేను ముందు గడువు సంగతి తీసుకున్నాను. వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఏది, తీసుకోగలిగినది ఏది అని విడదీస్తే రుణం మొదటి రకంలోకి వస్తుంది, కోర్సు ఫీజు కూడా దాదాపు అంతే. ఎవరితోనైనా మాట్లాడి చూడటంలో పోయేది ఏమీ లేదు. ‘ఖాయం’ అంటే ఏమిటో, ఉద్యోగం రాకపోతే ఎంత సొమ్ము తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా ఇమ్మని సంస్థను అడగమన్నాను. ఇవ్వలేదు. సీటు కూడా ఎక్కడికీ పోలేదు. మరుసటి వారం వాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారు.

తరువాత ఒక చిన్న పరీక్ష పెట్టాను. ఫార్మకోవిజిలెన్స్‌లో ఉన్న మనిషి పొద్దున పది నుంచి పదకొండు వరకు కుర్చీలో కూర్చుని ఏం చేస్తాడో చెప్పమన్నాను. పాఠ్యపుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పింది. క్వాలిటీ అస్యూరెన్స్ (తయారీలో నాణ్యతకు పూచీపడే విభాగం), రెగ్యులేటరీ ఎఫైర్స్ (మందులకు ప్రభుత్వ అనుమతుల పని చూసే విభాగం) గురించి అడిగినా అంతే. ఆమె ఎంచుకుంటున్నది పనుల్లోంచి కాదు, పేర్లలోంచి అని అప్పుడు తేలింది. స్కోప్ ఉందో లేదో నేను చెప్పి పంపిస్తే ఆ పేర్లకు నా మాట ఒకటి జతపడేది, అంతకుమించి ఏమీ మారేది కాదు.

అందుకే ఇన్ఫర్మేషనల్ ఇంటర్వ్యూలు చేద్దామన్నాను. అంటే ఆ పనిలో ఇప్పటికే ఉన్నవారితో కొద్దిసేపు మాట్లాడి, ఉద్యోగం అడగకుండా, పని గురించి మాత్రం తెలుసుకోవడం.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

ఈ మాట విన్న ఉత్సాహంలో అమ్మాయి లింక్డిన్‌లో పెద్ద కంపెనీల విభాగాధిపతులకు, హెచ్.ఆర్. వాళ్ళకు ఒకే సందేశం పంపుకుంటూ వెళ్ళింది. రెజ్యూమే జతచేసింది. దాదాపు ఎవరూ పలకలేదు. ఒకరు కంపెనీ వెబ్‌సైటులో ఉద్యోగ ప్రకటనలు ఉండే పేజీ లింకు పంపారు. అది సరైన జవాబే. రెజ్యూమేతో వచ్చిన ఉత్తరం ఎవరి కంటికైనా దరఖాస్తులాగే కనిపిస్తుంది, దరఖాస్తుకు దారి ఆ పేజీయే.

రెండో దారి తండ్రి వేసింది. ఆయనకు మందులు సరఫరా చేసే హోల్‌సేల్ వ్యాపారి ద్వారా ఒక పెద్ద కంపెనీలో ఉన్నతాధికారి అపాయింట్‌మెంట్ దొరికింది. తండ్రీ కూతుళ్ళు కలిసి వెళ్ళారు. ఆయన మర్యాదస్తుడు. టీ ఇప్పించి, ముప్పావు గంట మాట్లాడాడు. తను ఎంత కష్టపడి పైకి వచ్చాడో చెప్పాడు, ఏ రంగమైనా కష్టపడితే ఫలితం ఉంటుందన్నాడు, రెజ్యూమే పంపమన్నాడు. తండ్రి పొంగిపోయాడు.

ఆ రోజు కొత్తగా తెలిసినవి ఒక కాగితం మీద రాయమని అమ్మాయికి ఇచ్చాను. రెండు వాక్యాల దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మన దగ్గర తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని ఒక పెద్దమనిషి దగ్గరికి వెళ్తే, నోటితో ఏం అడిగినా ఎదుటివారికి వినబడేది ఒక్కటే: మా అమ్మాయికి ఏదైనా చూడండి. దానికి ఉన్న జవాబులు కూడా రెండే, హామీ లేదా ఆశీర్వాదం. ఆ అధికారి రెండూ ఇచ్చాడు. పని గురించి మాట్లాడే సందర్భమే అక్కడ పుట్టలేదు. పైగా తెచ్చిపెట్టుకున్న మొహమాటం ఒకటి. రెజ్యూమే ఏమైందని తండ్రి వ్యాపారిని అడగడం, ఆయన అధికారికి ఫోన్ చేయడం, అధికారి ఎత్తకపోవడం, చివరికి వ్యాపారి షాపుకు రావడం తగ్గించడం.

ఇంకొక కారణం వయసుది. ఆయన ఉద్యోగంలో చేరిన నాటికి ఈ అమ్మాయి చూస్తున్న ఉద్యోగాల్లో కొన్ని ఇక్కడ లేనే లేవు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఇప్పటి జాతీయ కార్యక్రమమే 2010లో మొదలైంది. పాతికేళ్ళ ముందున్న మనిషి రంగం ఎటు పోతోందో చెప్పగలడు. కొత్తగా చేరినవారి సోమవారం ఎలా గడుస్తుందో చెప్పలేడు.

మార్చినవి

ముందు మనుషుల్ని మార్చాం. పనిలో చేరి రెండు నుంచి నాలుగేళ్ళయినవారే కావాలనుకున్నాం. చేరినప్పటి తికమక ఇంకా గుర్తుండాలి, పని చేతికి వచ్చి ఉండాలి. వాళ్ళను పట్టుకోవడానికి దగ్గరి బంధువులను పక్కనపెట్టి, ముఖపరిచయం ఉన్నవాళ్ళ వైపు చూశాం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో చెప్పిన విషయమే ఇది: మన దగ్గరివాళ్ళకు తెలిసింది చాలావరకు మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సమాచారం దూరపు పరిచయాల నుంచి వస్తుంది. ఈ కేసులో ఆ దూరపు పరిచయాలు ఎవరంటే, తండ్రి షాపుకు నెలనెలా వచ్చే మెడికల్ రిప్రజెంటేటివ్, పాత విద్యార్థుల నంబర్లు దాచుకున్న ఒక లెక్చరర్, హాస్టల్లో రెండేళ్ళ సీనియర్.

తండ్రి అభ్యంతరం చెప్పాడు. ఆడపిల్ల ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఫోన్లు చేయడమేమిటన్నాడు. ఆ భయాన్ని కొట్టిపారేస్తే ఆయన సహకారం పోతుంది; పక్కన కూర్చోనిస్తే సంభాషణ మళ్ళీ సిఫార్సు అవుతుంది. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. మొదట మహిళా సీనియర్లతో, అదీ ఫోన్‌లో. నేరుగా కలవాల్సి వస్తే పగటిపూట, నలుగురూ తిరిగే చోట. ఎవరితో, ఎప్పుడు మాట్లాడుతోందో తండ్రికి తెలియాలి. సంభాషణలో మాత్రం ఆయన ఉండకూడదు.

తరువాత సందేశం. చాలా కొట్టివేతల తర్వాత ఇలా నిలిచింది:

“అక్కా, నమస్తే. నేను మన కాలేజీలో మీ తర్వాత మూడో బ్యాచ్. ఫార్మకాలజీ మేడమ్ గారు మీ నంబరు ఇచ్చారు. ఫార్మకోవిజిలెన్స్ కోర్సుకు ఫీజు కట్టాలా వద్దా అని నిర్ణయించుకోవాలి. అంతకుముందు అక్కడ రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. మీకు వీలైన రోజు ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? ఉద్యోగం గురించి అడగను, రెజ్యూమే పంపను.”

ఎవరు పంపారో మొదటే చెబితే అనుమానం తీరుతుంది. నిర్ణయం ఏమిటో చెబితే తన మాటకు ఉపయోగం ఉందని ఎదుటివారికి అర్థమవుతుంది. జూనియర్ డబ్బు వృథా కాకుండా చూడాలని ఎవరికైనా ఉంటుంది. ఇరవై నిమిషాలన్న హద్దు ఒప్పుకోవడాన్ని తేలిక చేస్తుంది. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం, అది నిజమై ఉండాలి. మనసులో ఉద్యోగం పెట్టుకుని ఆ వాక్యం రాస్తే పదో నిమిషంలో బయటపడిపోతుంది. ఎదుటివారే ఖాళీ ఉందని చెబితే ఏం చేయాలన్నది కూడా ముందే అనుకున్నాం: కృతజ్ఞతలు చెప్పి, దాని గురించి వేరే రోజు అడుగుతానని, అనుకున్న ప్రశ్నలు పూర్తిచేయడం.

ప్రశ్నల్లోంచి అభిప్రాయం అడిగేవన్నీ తీసేశాం. ‘ఈ రంగం మంచిదేనా’ అంటే మంచిదే అంటారు. ‘నిన్న ఆఫీసుకు వెళ్ళాక మొదట తెరిచిన పని ఏమిటి’ అంటే నిన్నటి రోజును గుర్తుచేసుకోక తప్పదు. ఈ మధ్య పని బాగా విసిగించిన రోజు ఏది, మీతో పాటు చేరినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, ఎవరైనా మానేస్తే ఎందుకు మానేశారు, ఇలాంటివి ఉంచాం. జీతం విషయంలో ‘మీకెంత’ అనకుండా కొత్తగా చేరేవారికి ఎంత నుంచి ఎంత వరకు ఇస్తారని అడగమన్నాను. మందు పేరు, క్లయింట్ కంపెనీ పేరు అడగకూడదన్నది గట్టి నియమం. వాళ్ళు గోప్యత ఒప్పందాల మీద సంతకాలు చేసి ఉంటారు, మన ప్రశ్న వాళ్ళ ఉద్యోగానికి ముప్పు కారాదు. నేను అలసిపోయి ముక్తసరిగా మాట్లాడే ఉద్యోగి వేషం వేసి ఒకటికి రెండుసార్లు సాధన చేయించాను. ‘పని బాగానే ఉంటుందమ్మా’ అని నేను తేల్చేస్తే అక్కడ ఆగిపోకుండా ‘నిన్న’ దగ్గరికి మళ్ళీ తీసుకురావడం ఆమెకు నాలుగైదు ప్రయత్నాల్లో అబ్బింది.

ఏం తెలిసింది

ఫార్మకోవిజిలెన్స్‌లో కేస్ ప్రాసెసింగ్ చేసే సీనియర్ తన నిన్నటి రోజును కళ్ళకు కట్టించింది. షిఫ్టు మధ్యాహ్నం మొదలవుతుంది, ఎందుకంటే క్లయింట్ విదేశంలో ఉన్నాడు. వరుసలో కేసులు వచ్చి ఉంటాయి. ప్రతిదానిలో నాలుగు ఉన్నాయో లేదో ముందు చూడాలి: గుర్తించగలిగిన రోగి, సమాచారం ఇచ్చిన వ్యక్తి, అనుమానిస్తున్న మందు, కలిగిన దుష్ప్రభావం. తరువాత తీవ్రత తేల్చడం, మెడ్‌డ్రా పదకోశం ప్రకారం ఆ లక్షణాలకు కోడ్ ఇవ్వడం, జరిగినదంతా ఇంగ్లిషులో ఒక కథనంగా రాయడం. తీవ్రమైన, ముందు ఊహించని దుష్ప్రభావమైతే కంపెనీకి తెలిసిన రోజు నుంచి 15 రోజుల్లో నియంత్రణ సంస్థకు చేరాలి. మొదటి ఆరు నెలలు ప్రతి కేసూ కొత్తగా ఉంటుందని, ఆ తర్వాత రోజుకు ఎన్ని పూర్తిచేశావన్న లెక్క ముందుకొస్తుందని దాపరికం లేకుండా చెప్పింది.

అదే రంగానికి మరో ముఖం ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో కనిపించింది. జాతీయ కార్యక్రమానికి సమన్వయ కేంద్రం ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. దాని కింద వైద్య కళాశాలల్లో దుష్ప్రభావాల పర్యవేక్షణ కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ఫార్మకోవిజిలెన్స్ అసోసియేట్ వార్డుల్లో తిరిగి, డాక్టర్లను అడిగి, ఫారాలు నింపుతాడు. రోగులు కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చని, 1800-180-3024 అన్న టోల్ ఫ్రీ నంబరు ఉందని అతనే చెప్పాడు. మాత్ర వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయని షాపు కౌంటరు దగ్గరికి తిరిగివచ్చిన మనుషుల్ని ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచి చూస్తోంది. ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్ళమనేవాడు తండ్రి. ఎక్కడా ఎవరూ రాసుకునేవారు కాదు. ఆమె అక్కడి నుంచే తండ్రికి ఫోన్ చేసి నంబరు చెప్పింది. ఆయన అట్టముక్క మీద రాసి షాపులో తగిలించాడు. ఈ ఫోన్ల మీద ఆయన గొణుగుడు ఆ రోజు నుంచి తగ్గింది.

క్వాలిటీ అస్యూరెన్స్‌లో ఉన్న సీనియర్ చెప్పింది తెల్లవారుజామున ఎక్కే కంపెనీ బస్సు గురించి, ప్యాకింగ్ మొదలయ్యే ముందు పాత బ్యాచ్ లేబుల్ గానీ మాత్ర గానీ లైనులో ఒక్కటి కూడా మిగలలేదని చూసి సంతకం పెట్టడం (లైన్ క్లియరెన్స్) గురించి, రికార్డులో రాయకపోతే పని జరగనట్టే లెక్క అన్న పద్ధతి గురించి. రెగ్యులేటరీ ఎఫైర్స్‌లో ఉన్నామె మందుకు అనుమతి కోరే అయిదు మాడ్యూళ్ళ (భాగాల) దరఖాస్తు ఎలా కడతారో, మూడో మాడ్యూల్‌లో ఒక స్థిరత్వ పరీక్ష (మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే పరీక్ష) అంకె మీద ప్రశ్న వస్తే దాని మూలం కోసం ప్లాంటు కాగితాల్లో ఎంత వెతకాలో వివరించింది. తమ బృందంలోకి అనుభవం లేనివారిని అరుదుగా తీసుకుంటారని, ప్లాంటు కాగితం చూసినవారు త్వరగా నిలదొక్కుకుంటారని ఆమె అన్నది.

అమెరికాలో ఎం.ఎస్. చేసిన సీనియర్‌తో మాట ఇంకో మలుపు తిప్పింది. తను ఫార్మసిస్టు కాదని, డేటా పనిలో ఉన్నానని, మన నాలుగేళ్ళ డిగ్రీతో అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు దారి తెరుచుకోదని ఆమె చెప్పింది. అనుభవం మనుషుల నోట వినాలి. నిబంధన మాత్రం రాతలో చూడాలి. ఆ పని తండ్రికి అప్పజెప్పాను. ఆయన మేనల్లుడి సాయంతో అమెరికా ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం నిబంధనలు తీశాడు. విదేశీ పట్టభద్రులు 2003 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ డిగ్రీ పొందితే, కనీసం అయిదేళ్ళ ఫార్మసీ కోర్సు చదివి ఉండాలి. ఎం.ఎస్. వేరే ఉద్యోగాలకు దారి కావచ్చు గానీ, ఆయన అప్పు చేయబోయింది ఫార్మసిస్టు కోటు కోసం. నేను చెబితే వాదించేవాడు. తనే చదివాడు కనుక బ్యాంకు ఫైలు తనే మూసేశాడు.

వినని గొంతులు

ఈ సమయానికి అందరూ ఒక మాట మీద ఉన్నారు: కోర్సు సర్టిఫికెట్ అవసరం లేదు, కంపెనీలే శిక్షణ ఇస్తాయి. అమ్మాయి ఇక చాలనుకుంది. నేను ఒప్పుకోలేదు. మేం మాట్లాడినవాళ్ళంతా లోపలికి వెళ్ళగలిగినవాళ్ళు. కోర్సు లేకుండా వెళ్ళలేకపోయినవారు, కోర్సు చేసి కూడా వెళ్ళలేకపోయినవారు మా జాబితాలో ఎవరూ లేరు. వాళ్ళను విననంతవరకు అందరూ ఒకే మాట అన్నా దాని బరువు ఎంతో చెప్పలేం.

వాళ్ళు లింక్డిన్‌లో దొరకరు. సంస్థ గోడ మీద ఫోటోల్లోనూ ఉండరు. అమీర్‌పేట లేడీస్ హాస్టళ్ళలో ఉంటారు, లేదా అక్కడి నుంచి సొంత ఊరికి వెళ్ళిపోయి ఉంటారు. క్లాస్‌మేట్ ఒకరు అక్కడి హాస్టల్లో ఉండటంతో దారి దొరికింది. కోర్సు చేసి ఉద్యోగం రాక ఊరెళ్ళిపోయిన అమ్మాయి ఫోన్‌లో గంటసేపు మాట్లాడింది. తననెవరూ ఇలా అడగలేదట. కోర్సులో సాఫ్ట్‌వేర్ తెరలు బాగానే చూపించారని, ఇంటర్వ్యూలో మాత్రం ఒక డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చి ఇంగ్లిషులో కథనం రాయమన్నారని, తన చేయి అక్కడ ఆగిపోయిందని చెప్పింది. కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్న ఇంకొకరు, రోజూ క్లాసుకు వెళ్ళడం వల్ల చదువు గాడిలో పడిందన్నారు. కాబట్టి కోర్సు దండగ అని నేను చెప్పను. దాటాల్సిన గడప ఎక్కడుందో తెలిసింది, దాన్ని ఫీజు కట్టకుండా కూడా సాధన చేయవచ్చని తెలిసింది.

నిర్ణయం

ప్రతి సంభాషణ అయిన రాత్రే ఆమె రెండు వరుసల్లో రాసుకునేది, ఒకవైపు విన్నది, ఇంకొకవైపు వింటున్నప్పుడు తనకు అనిపించింది. ఆ నోటుబుక్కు తిరగేస్తే, రోజుకు ఎన్ని కేసులన్న చోట ఒక్క ముక్క రాసి వదిలేసింది. లైన్ క్లియరెన్స్ గురించి, ఒక అంకె మూలం వెతకడం గురించి పేజీలు నింపింది. రాత్రి షిఫ్టు గురించి ఆమె రాసుకున్నది ‘వద్దు’ అన్న ఒక్క మాట. నేను సలహా ఇచ్చే అవసరం పెద్దగా రాలేదు. ముందు ఒక మాత్రల తయారీ యూనిట్‌లో క్వాలిటీ అస్యూరెన్స్ డాక్యుమెంటేషన్, రెండు మూడేళ్ళ తర్వాత రెగ్యులేటరీ వైపు ప్రయత్నం అని తనే తేల్చుకుంది.

“ఏదో ఒక కంపెనీలో చేరమని నేను మొదటే చెప్పానుగా” అన్నాడు మేనమామ. నిజమే, చెప్పాడు. తేడా ఉద్యోగ ఇంటర్వ్యూలో కనిపించింది. ప్యాకింగ్ విభాగంలో ఖాళీ ఉందని హెచ్.ఆర్. అంటే, బ్యాచ్ రికార్డుల సమీక్ష ఎవరు చేస్తారు, కొత్తవారు అందులోకి ఎప్పుడు వస్తారు అని ఆమె అడిగింది. అక్కడ సంతృప్తికరమైన జవాబు రాక వదిలేసి, తరువాత పిలిచిన చోట చేరింది.

పాఠాలు

తండ్రిని పక్కన పెట్టాల్సిన మనిషిగా చూసి ఉంటే ఈ కేసు ఇంట్లోనే ఆగిపోయేది. ఆయనకు ఒక పని కావాలి, ఆ పని పరపతి వాడటం కానిదై ఉండాలి. నిబంధనలు సరిచూడటం ఆయన స్వభావానికి సరిపోయింది. షాపు లైసెన్సు కాగితాలు ముప్పై ఏళ్ళుగా చూసుకుంటున్న మనిషి.

ఎక్కడ ఆపాలన్నది ఇప్పుడు ముందే మాట్లాడుకుంటాను. వరుసగా రెండు సంభాషణల్లో నిర్ణయాన్ని కదిపే కొత్త విషయం రాకపోతే ఆపేస్తాం. కొందరికి ఈ సంభాషణలే నిర్ణయం వాయిదా వేసే సాకుగా మారతాయి.

షాపు, లెక్చరరు, హాస్టలు, ఈ మూడు దారులూ లేని విద్యార్థులు కూడా నా దగ్గరికి వస్తారు. వాళ్ళను మొదట ప్రభుత్వ సంస్థల వైపు పంపుతున్నాను. వైద్య కళాశాలలోని ఆ అసోసియేట్‌ను కలవడానికి ఎవరి పరిచయమూ అక్కరలేకపోయింది. ముందుగా ఉత్తరం రాసి, చెప్పిన రోజున వెళ్ళింది, అంతే.

చివరగా, మాట్లాడిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలతో పాటు ఏం నిర్ణయించుకుందో, వాళ్ళ మాటల్లో ఏది అందుకు పనికొచ్చిందో రెండు వాక్యాల్లో రాయించాను. ఊరెళ్ళిపోయిన ఆ అమ్మాయికి కథనం రాయడంలో తను చేస్తున్న సాధన కాగితాలు కూడా పంపింది. ఇద్దరూ కొన్నాళ్ళు ఒకరివి ఒకరు దిద్దుకున్నారు. రెగ్యులేటరీ సీనియర్ నుంచి వారం తర్వాత జవాబు వచ్చింది. ప్లాంటులో చేరాక స్థిరత్వ పరీక్షల ప్రోటోకాళ్ళు, వాలిడేషన్ నివేదికలు (తయారీ పద్ధతి ప్రతిసారీ సరిగ్గా పనిచేస్తుందని చూపే కాగితాలు) చూసే అవకాశం ఎప్పుడు దొరికినా వదులుకోవద్దని, ఏడాది తర్వాత ఒకసారి ఫోన్ చేయమని అందులో ఉంది.